క్షయ టీకా కోసం వైరస్‌ను అప్పుడే వదిలేయొద్దు

2013 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వ్యాసాన్ని ఈమధ్య మళ్లీ తీసి చదివాను. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి అవతల, ద్రాక్షతోటల మధ్య వుస్టర్ అనే ఊరుంది. క్షయ విపరీతంగా ఉండే ప్రాంతం. ఆ చుట్టుపక్కల 2,797 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్ష అది. అందరికీ అంతకుముందే బీసీజీ, అంటే ఇప్పుడు వాడుకలో ఉన్న పాత క్షయ టీకా, పడింది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో సగం మందికి ఎంవీఏ85ఏ అనే కొత్త టీకా వేశారు, మిగతా సగానికి క్షయతో సంబంధం లేని వేరే సూది వేశారు. ఎవరికి ఏది పడిందో తల్లులకూ తెలియదు, పిల్లల్ని చూసే డాక్టర్లకూ తెలియదు. సుమారు రెండేళ్లు కనిపెట్టుకుని ఉన్నాక చిట్టా విప్పారు. కొత్త టీకా పడిన పిల్లల్లో 32 మందికి క్షయ. పడనివాళ్లలో 39 మందికి.

అంటే 17 శాతం రక్షణ. ఏడుగురి తేడా ఊరికే కూడా వచ్చి ఉండొచ్చు కాబట్టి గణాంకాల లెక్కలో అది లేనట్టే. పసిపిల్లల్లో ఒక కొత్త క్షయ టీకా నిజంగా జబ్బును ఆపుతుందా అని ఆ స్థాయిలో తేల్చి చూడడం బీసీజీ తర్వాత అదే మొదటిసారి. ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ మెక్‌షేన్ బృందం దాని మీద పదేళ్లకు పైగా కష్టపడింది.

ఆ టీకాలో క్షయ క్రిమి లేదు. ఉన్నది ఒక వైరస్. మశూచి టీకాకి వాడిన వ్యాక్సీనియా వైరస్‌ను కోడిపిండం కణాల్లో 570 సార్లకు పైగా పెంచుతూ పోయి, మనిషి కణాల్లో పిల్లలు పెట్టే శక్తి పోయేదాకా నీరుగార్చారు. దాన్నే ఎంవీఏ అంటారు. అందులోకి క్షయ క్రిమి జన్యువు ఒకటి ఎక్కించారు. వైరస్ మన కణంలోకి దూరుతుంది, కణం ఆ జన్యువును చదివి క్షయ ప్రొటీన్ తయారుచేస్తుంది, మన రోగనిరోధక శక్తిలో భాగమైన టీ కణాలు దాన్ని చూసి గుర్తుపెట్టుకుంటాయి. ఆలోచన అదీ.

వుస్టర్ ఫలితం వచ్చిన దగ్గర్నుంచీ, ఈ విషయాలు పట్టించుకునే మిత్రులతో వైరస్ మీద క్షయ టీకా ప్రస్తావన తెచ్చినప్పుడల్లా "అది అయిపోయిన కథ కదా" అనే మాటే వింటున్నాను. ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తాను.

మా బావ జబ్బ మీద మచ్చ

మా బావ మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేస్తాడు. ఆయనకు ఊపిరితిత్తుల టీబీ తేలి, మందులు మొదలుపెట్టిన కొత్తలో చూడ్డానికి వెళ్లాను. నాలుగు మందులు కలిపిన మాత్రల అట్ట మగ్గం పలక మీదే పెట్టుకున్నాడు, మర్చిపోకుండా. మొదట్లో మూత్రం ఎర్రగా వస్తుంటే రక్తం పడుతోందేమోనని భయపడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. అది ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ మందు రంగు అని ఆశా కార్యకర్త చెప్పేదాకా ఆ భయం ఆయన ఒక్కడే మోశాడు. బనియన్‌తో మంచం మీద కూర్చుని ఉంటే ఎడమ జబ్బ మీద బీసీజీ మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. మా అత్త ఆ మచ్చ మీద వేలు పెట్టి అడిగింది: "చిన్నప్పుడే సూది ఏపిస్తిమి గద నాయనా, మళ్లా యాడనుంచి వచ్చె ఈ జబ్బు?"

అంతకన్నా సూటి ప్రశ్న ఏ సదస్సులోనూ ఎవరూ అడిగి ఉండరు. దానికి జవాబు దొరికిన నేల కూడా మాదే. నీరుగట్టువారిపల్లెకి కాస్త దూరంలోనే ఆరోగ్యవరం శానటోరియం ఉంది. దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. 1950లో ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే ఫ్రిమోట్ మోలర్ బృందం బీసీజీ ఎంతవరకు కాపాడుతుందో పరిశోధన మొదలుపెట్టింది. ఇంగ్లండు బడిపిల్లల్లో దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చిన అదే టీకా ఇక్కడ అంత చూపించలేదు. ఆ సందేహం తీర్చడానికి 1968లో చెంగల్పట్టు జిల్లాలో, మన సరిహద్దుకు దగ్గర్లోనే, రెండున్నర లక్షల మందికి పైగా జనంతో మహా పరీక్ష మొదలైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. పదిహేనేళ్ల తర్వాత చూసినా అదే మాట.

బీసీజీ పనికిరాదని నేను అనడం లేదు. పసిపిల్లల్లో మెదడు పొరలకు పట్టే క్షయను, ఒళ్లంతా పాకే క్షయను అది బాగా అడ్డుకుంటుంది, ఆ సూది ఎవరూ మానకూడదు. కానీ దగ్గుతో గాలిలోకి క్రిముల్ని వదిలి ఇంకొకరికి అంటించేది పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ. 1921లో పారిస్‌లో ఒక శిశువుకి మొదటిసారి ఇచ్చిన టీకా తప్ప మన చేతిలో ఈనాటికీ ఇంకో క్షయ టీకా లేదు. 2023లో ప్రపంచం మొత్తం మీద కోటీ 8 లక్షల మందికి క్షయ సోకిందని, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోగుల్లో నూటికి 26 మంది మన దేశం వాళ్లే.

ఇదంతా అత్తకి ఎలా చెప్పాలి? "ఆ సూది చిన్నపిల్లల కోసం అత్తా, పెద్దయ్యాక దాని బలం చాలదు" అన్నాను. "అయితే పెద్దోళ్లకి ఇంగోటి కనిపెట్టలేదా ఇన్నాళ్లు?" అంది.

బండీ, సరుకూ, దారీ

వుస్టర్‌లో ఏది విఫలమైందో విడదీసి చూడాలి. వైరస్ ఒక బండి అనుకుంటే, అందులో వేసిన సరుకు ఒకటి, దాన్ని తోలిన దారి ఇంకొకటి.

సరుకు ఒక్కటే ఒక్క ప్రొటీన్, 85ఏ. క్షయ క్రిమి తన గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైమ్ అది. 1998లో క్రిమి జన్యుపటం మొత్తం చదివినప్పుడు అందులో దాదాపు 4,000 జన్యువులు తేలాయి. వాటిలో ఒక్కటి మాత్రమే చూపించి, ఏళ్ల తరబడి ఊపిరితిత్తిలో నక్కి ఉండగల క్రిమిని పట్టుకోమన్నాం. పైగా ఈ క్రిమి ఎప్పుడూ ఒకేలా ఉండదు. చురుగ్గా పెరిగేటప్పుడు ఒక రకం ప్రొటీన్లు, నిద్రావస్థలో వేరే రకం ప్రొటీన్లు బయటపెడుతుంది.

దారి మరీ ముఖ్యం. టీకా జబ్బ చర్మంలోకి వేశారు. జబ్బు వచ్చేది ఊపిరితో. ఈ తేడా ఎంత పెద్దదో 2020లో నేచర్ పత్రికలో వచ్చిన కోతుల ప్రయోగం కళ్లకు కట్టింది. వాడింది వందేళ్ల నాటి పాత బీసీజీయే. చర్మంలోకి కాకుండా రక్తనాళంలోకి ఎక్కించారు. ఆరు నెలల తర్వాత క్రిమిని ఊపిరితిత్తుల్లోకి వదిలితే, పది కోతుల్లో తొమ్మిది గట్టిగా తట్టుకున్నాయి. వాటిలో ఆరింటిలో క్రిమి జాడే దొరకలేదు. చర్మంలోకి వేసిన కోతులకు ఆ అదృష్టం లేదు. సరుకు మారలేదు, దారి మాత్రమే మారింది. మనుషులకు బీసీజీని రక్తంలోకి ఎక్కించడం ఊళ్లలో జరిగే పని కాదు, ప్రమాదం కూడా. కానీ ఊపిరితిత్తుల్లోనే కాపలా టీ కణాలు కూర్చుని ఉంటే క్రిమి ఓడుతుందని మాత్రం తేలింది.

పీల్చే టీకాకి వైరస్ బాగా పనికొస్తుందని నా నమ్మకం ఇక్కడి నుంచే వచ్చింది. జలుబు తెప్పించే అడినోవైరస్‌ల వంటివి సహజంగానే ఊపిరితిత్తుల దారి తెలిసినవి. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మానవ అడినోవైరస్‌లో అదే 85ఏ జన్యువు పెట్టి, మంచులాంటి తుంపరగా వాలంటీర్ల చేత పీల్పించారు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. పీల్చిన వాళ్ల ఊపిరితిత్తుల్లో క్షయను గుర్తుపట్టే టీ కణాలు చేరి అక్కడే నిలిచాయి. కండకి సూది వేయించుకున్న వాళ్ల ఊపిరితిత్తుల్లో అలా జరగలేదు. అంతకుముందు 2014లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లే 24 మందిని తీసుకుని, వాళ్లలో సగం మంది చేత ఎంవీఏ85ఏని పీల్పించి అలాంటి సూచనే చూశారు.

వుస్టర్ పరీక్ష ఇచ్చిన ఇంకో మేలు చాలామందికి తెలియదు. ఆ పిల్లల రక్తం నమూనాలు దాచి ఉంచారు. జబ్బు వచ్చిన పిల్లలకీ రాని పిల్లలకీ మధ్య తేడా ఏమిటని వెతికితే, టీ కణాలు ముందే అతిగా ఉద్రేకంతో ఉన్న పిల్లల్లో క్షయ ఎక్కువ వచ్చిందని 2016లో బయటపెట్టారు. అంటే ఏదో ఒక ఇన్ఫెక్షన్‌తో ఒంట్లో మంట రగులుతూ ఉన్న బిడ్డ క్షయకు సులువుగా లొంగుతూ ఉండొచ్చు. టీకా గెలిచి ఉంటే ఈ ప్రశ్న ఎవరూ అడిగేవాళ్లు కారేమో. నా మటుకు నాకు ఆ 2,797 మంది పిల్లలు ఇచ్చిన జ్ఞానం చిన్నది కాదు.

నన్ను నిద్రపోనివ్వని అభ్యంతరాలు

నాతో వాదించేవాళ్ల దగ్గర బలమైన కారణాలు లేకపోలేదు.

మొదటిది ఎం72. ఇందులో వైరస్ లేదు. క్రిమి ప్రొటీన్లు రెండు కలిపి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుతో ఇచ్చే టీకా. అప్పటికే క్రిమి ఒంట్లో ఉన్న పెద్దవాళ్లలో కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో పరీక్షిస్తే మూడేళ్లలో దాదాపు 50 శాతం రక్షణ కనిపించింది. టీకా పడినవాళ్లలో 13 మందికి, పడనివాళ్లలో 26 మందికి జబ్బు వచ్చింది. 2024 మార్చిలో 20,000 మంది దాకా పాల్గొనే మూడో దశ మొదలైంది. గుర్రం గెలుపు గీత దగ్గరికి వస్తుంటే వేరే బండికి చక్రాలు బిగించడం ఎందుకంటారు. ఎం72 గెలవాలనే నేనూ మొక్కుకుంటున్నాను. అయితే దాని ఉద్దీపకంలో, అంటే ఆ రెచ్చగొట్టే మందులో, ఒక ముఖ్య పదార్థం చిలీలో పెరిగే క్విలాయా చెట్టు బెరడు నుంచి వస్తుంది. కోట్లాది డోసులు అందరికీ చేరే ధరలో వస్తాయా అన్నది తేలాలి. వైరస్ టీకాకి అలాంటి ఉద్దీపకం అక్కర్లేదు, వైరసే ఆ పని చేస్తుంది. అదీ కాక సగం రక్షణ అంటే మిగతా సగం ఖాళీగానే ఉంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. 2010లో ఒక బృందం ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన క్షయ క్రిముల జన్యువులు పోల్చి చూసింది. మామూలుగా క్రిములు మన రోగనిరోధక శక్తి కంటపడే భాగాల్ని మారుస్తూ తప్పించుకుంటాయి. క్షయ క్రిమి అలా మార్చుకోలేదు. మన టీ కణాలు గుర్తుపట్టే ముక్కలే దాదాపు మారకుండా ఉన్నాయి. మనం గుర్తుపట్టడం దానికి లాభమేనేమో అన్న అనుమానం వస్తుంది. మన కణాలు పోట్లాడే క్రమంలో ఊపిరితిత్తి గుల్లయి, ఆ గుల్ల నుంచి దగ్గుతో క్రిమి ఇంకొకరికి చేరుతుంది కాబట్టి. ఇది నిజమైతే, 85ఏ లాంటి పేరున్న ప్రొటీన్లను చూపించి టీ కణాల్ని పెంచుకుంటూ పోవడం క్రిమికి కావలసిన పనే చేసినట్టవుతుంది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ ఈ అనుమానం వైరస్ టీకాలకే కాదు, ఎం72తో సహా ప్రొటీన్ టీకాలన్నిటికీ వర్తిస్తుంది. సరుకు మార్చి మార్చి త్వరగా పరీక్షించాలంటే, జన్యువు తీసి ఇంకో జన్యువు పెట్టగలిగే వైరస్ లాంటి బండి ఉండడమే మేలు.

మూడోది భద్రత. 2007లో అడినోవైరస్-5 మీద చేసిన హెచ్‌ఐవీ టీకా పరీక్షను మధ్యలో ఆపారు. ఆ వైరస్‌కి ముందే యాంటీబాడీలు ఉన్న కొందరు పురుషుల్లో హెచ్‌ఐవీ సోకే అవకాశం తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. క్షయా హెచ్‌ఐవీ చెట్టపట్టాలు వేసుకు తిరిగే ఆఫ్రికాలో ఇది ఆషామాషీ సంగతి కాదు. కోవిడ్ కాలంలో చింపాంజీ అడినోవైరస్ టీకాతో బహు అరుదుగా రక్తం గడ్డకట్టిన కేసులూ చూశాం. మనలో చాలామంది కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్నది ఆ టీకానే. ఒరెగాన్‌లో లూయీ పికర్ బృందం క్షయ టీకాకి బండిగా వాడిన సైటోమెగలోవైరస్ అనే ఇంకో వైరస్ మీదైతే నాకే ఇంకా సందేహాలున్నాయి. 2018 నాటి వాళ్ల ప్రయోగంలో టీకా పడిన 34 కోతుల్లో 14కి క్షయ రానే లేదు. అద్భుతమే. కానీ ఆ వైరస్ ఒంట్లోకి వస్తే జీవితాంతం ఉండిపోతుంది. గర్భిణులకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఏమవుతుందో గట్టిగా తేలకుండా దాన్ని ఊళ్లలోకి తేవడానికి నేను ఒప్పుకోను.

నాలుగోది తిండి. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన రేషన్స్ అధ్యయనం గురించి చదివినప్పుడు కాసేపు నా వాదనంతా పక్కన పెట్టేయాలనిపించింది. క్షయ రోగుల ఇళ్లలో ఉండే పదివేల మందికి పైగా మనుషుల్ని తీసుకుని, కొన్నిచోట్ల ఇంట్లో అందరికీ నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఒక టీకాకి ఆ ఫలితం వచ్చి ఉంటే అన్ని పత్రికల్లో మొదటి పేజీలో వచ్చేది. బావకి ఇప్పుడు పోషకాహారం కోసం ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు వేస్తోంది, అది మంచిదే. కానీ అత్తకీ, పిల్లలకీ, పక్క మగ్గం మీద కూర్చునే మనిషికీ తిండి లెక్క ఎవరు చూస్తారు? తిండి ముందు, టీకా తర్వాత అని ఎవరైనా అంటే నేను వాదించను. తిండి ఇస్తున్నారు కదా, ఇక టీకా అక్కర్లేదు అంటే మాత్రం ఒప్పుకోను. కడుపునిండా తినేవాళ్లకీ క్షయ వస్తోంది, షుగరు ఉన్నవాళ్లకి మరీ ఎక్కువగా.

అడిగి, చెప్పి, అప్పుడు

వుస్టర్ కథకి ఇంకో ముఖం ఉంది. 2018 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పెద్ద పరిశోధనాత్మక కథనం వేసింది. పరీక్షకు ముందు కోతుల మీద చేసిన ఒక ప్రయోగంలో ఎంవీఏ85ఏ ఆశించినట్టు కాపాడలేదని, ఆ సంగతి అనుమతులిచ్చే వాళ్లకూ పిల్లల తల్లిదండ్రులకూ సరిగ్గా, సకాలంలో చేరిందా అని ప్రశ్నించింది. ఆక్స్‌ఫర్డ్ జరిపిన విచారణల్లో తప్పేమీ తేలలేదు. టీకా పిల్లలకు హాని చేసిందనీ ఎవరూ చూపలేదు. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే.

మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకునే వీల్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, క్యాన్సర్‌ను ఆపుతుంది. కానీ అడగకుండా వేయడం వల్ల మంచి టీకా మీద కూడా ఏళ్ల తరబడి అనుమానం మిగిలిపోయింది. మార్చిన వైరస్‌ను ఊపిరితో పీల్పించే టీకా పరీక్ష రేపు మన పల్లెల్లో జరిగితే, "ఇందులో వైరస్ ఉంది, ఇది పెరగదు, కోతుల్లో ఇక్కడ పనిచేసింది, ఇక్కడ చేయలేదు" అని తెలుగులో, నోటితో, ఇంటింటికీ చెప్పాలి. మా అత్త లాంటి మనిషి అడిగే ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పలేని పరీక్ష మొదలుపెట్టకపోవడమే మంచిది.

హైదరాబాద్ చేయగల పని

ఇదంతా ఆక్స్‌ఫర్డ్, కెనడా వ్యవహారం అని వదిలేయకపోవడానికి ఒక కారణం ఉంది. భారత్ బయోటెక్ 2022లో ఇన్‌కోవాక్ అనే కోవిడ్ టీకాకి అనుమతి తెచ్చుకుంది. చింపాంజీ అడినోవైరస్‌లో కోవిడ్ జన్యువు పెట్టి, ముక్కులో చుక్కలుగా వేసే టీకా. కోవిడ్ తగ్గుముఖం పట్టాక వచ్చింది కాబట్టి జనం పెద్దగా వేయించుకోలేదు. కానీ మార్చిన వైరస్‌ను ముక్కు ద్వారా ఇచ్చే టీకాను పెద్ద ఎత్తున తయారుచేయడం, దాని నాణ్యత పరీక్షించడం, అనుమతులు సాధించడం తెలిసినవాళ్లు మన దగ్గర ఉన్నారని అది రుజువు చేసింది. అదే సంస్థ స్పెయిన్ వాళ్లు తయారుచేసిన ఎంటీబీవాక్ అనే క్షయ టీకా పరీక్షలు మన దేశంలో 2024లో మొదలుపెట్టింది. అది నీరుగార్చిన క్షయ క్రిమితో చేసిన టీకా, వైరస్‌ది కాదు. అంటే క్షయ తెలుసు, వైరస్ బండి తెలుసు, రెండూ ఒకే చోట ఉన్నాయి. రెంటినీ కలిపే పనికి ప్రభుత్వం డబ్బు పెట్టాలి. లాభం చూసుకునే కంపెనీ తనంతట తాను పేదల జబ్బు మీద ఆ పందెం కాయదు.

ముక్కులో చుక్కలు ఊపిరితిత్తుల లోతుకు చేరవు, క్షయకి నెబ్యులైజర్‌తో పీల్పించాల్సి రావచ్చు. మోతాదు వేరు, పరికరం వేరు. ఒక్క 85ఏ కాకుండా నిద్రావస్థలో క్రిమి బయటపెట్టే ప్రొటీన్లను కూడా కలిపి ఎక్కించాలి. ముందు ఆరోగ్యంగా ఉన్న కొన్ని పదుల మంది పెద్దవాళ్లలో, హెచ్‌ఐవీ లేనివాళ్లలో చూడాలి. గొట్టం వేసి ఊపిరితిత్తుల్ని కడిగి అక్కడి కణాల్ని లెక్కపెట్టాలి, జబ్బ రక్తం ఒక్కటే చూసి మురిసిపోకూడదు. అది గట్టిగా తేలాకే బావ లాంటి రోగులున్న ఇళ్ల వాళ్లలో, వాళ్ల నమూనాలన్నీ భద్రంగా దాచి పెట్టి, పెద్ద పరీక్షకి వెళ్లాలి. ఫలితం 32కి 39 అని వచ్చినా అప్పుడు ఎందుకు అలా వచ్చిందో చెప్పగలిగేలా.